హెచ్‌ఐవీ ఉన్నవారికి అరికాళ్ల మంటలు ఎందుకు? ఏఆర్‌టీ సెంటర్‌లో ఏం అడగాలి, మెడికల్ షాపులో ఏం కొనకూడదు?

పగలంతా పనిలో పడి పెద్దగా తెలియదు. రాత్రి పడుకోగానే మొదలవుతుంది. అరికాళ్లలో మంట, కాలివేళ్ల దగ్గర సూదులతో గుచ్చుతున్నట్టు పొడుపు. దుప్పటి అంచు తగిలినా భరించలేనంత నొప్పి. కొందరు కాళ్లను చల్లటి గచ్చుకు ఆనించి పడుకుంటారు. కొందరు తడిగుడ్డ చుట్టుకుంటారు. తెల్లారి లేచి అడుగేస్తే దూది మీద నడుస్తున్నట్టు ఉంటుంది.

హెచ్‌ఐవీతో జీవిస్తున్న చాలామందికి ఇది తెలిసిన బాధే. డాక్టర్లు దీన్ని పెరిఫెరల్ న్యూరోపతి అంటారు. అంటే మెదడు, వెన్నుపాము నుంచి కాళ్లకూ చేతులకూ వెళ్లే నరాలు దెబ్బతినడం. వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాల్లో హెచ్‌ఐవీ ఉన్నవారిలో మూడో వంతు నుంచి సగం మంది దాకా ఈ సమస్య ఏదో ఒక స్థాయిలో కనిపించింది. వాళ్లందరికీ నొప్పి ఉండదు. కొందరికి స్పర్శ తగ్గడమే తెలుస్తుంది. మందులు క్రమం తప్పకుండా వేసుకుంటూ, వైరల్ లోడ్ పరీక్షలో కనిపించనంత తక్కువకు వచ్చిన వారిలోనూ ఇది ఉంటుంది. ‘మందులు బాగానే పనిచేస్తున్నాయి కదా, మరి ఈ మంటలేంటి?’ అని వాళ్లకు అర్థం కాదు.

అసలు చిక్కు వేరే ఉంది. ఏఆర్‌టీ సెంటర్‌లో నెలల మందులు తీసుకుని బయటపడే హడావుడిలో కాళ్ల మంట గురించి చెప్పరు. బయట డాక్టర్ దగ్గర కాళ్ల మంట చెబుతారు కానీ హెచ్‌ఐవీ సంగతి దాచిపెడతారు. మెడికల్ షాపులో రెండూ చెప్పకుండా ‘నరాలకు ఏమైనా బిళ్లలుంటే ఇవ్వండి’ అంటారు. ఈ మూడో దారే అన్నిటికన్నా ప్రమాదం. అలా కొనే బిళ్లల్లో కొన్ని హెచ్‌ఐవీ మందు పని చేయకుండా చేస్తాయి.

‘నరాల బలహీనత’ అనే మాటతోనే ఇబ్బంది

మన దగ్గర గోడల మీద, బస్సుల వెనక కనిపించే ‘నరాల బలహీనత’ ప్రకటనలు దేని గురించో అందరికీ తెలుసు. అందుకే నరాల సమస్య అని పైకి చెప్పడానికి చాలామంది, ముఖ్యంగా మగవాళ్లు, సంకోచిస్తారు. న్యూరోపతికీ ఆ ప్రకటనలకూ ఏ సంబంధమూ లేదు. షుగర్ ఉన్నవారికి అరికాళ్లలో వచ్చే మంటలు ఏ కోవలోవో ఇవీ ఆ కోవలోవే.

మన శరీరంలో అన్నిటికన్నా పొడవైన నరాలు నడుము దగ్గర మొదలై కాలి బొటనవేలి దాకా వెళతాయి. పెద్దవాళ్లలో ఈ పొడవు మీటరు దాకా ఉంటుంది. నరానికి కావాల్సిన పోషణ అంత దూరం చేరాలి కాబట్టి, ఏ తేడా వచ్చినా ముందు దెబ్బతినేది చివరి భాగమే. అందుకే మంట కాలివేళ్ల దగ్గర మొదలై, రెండు కాళ్లలో ఒకే తీరుగా, మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. చేతివేళ్ల దాకా రావడానికి చాలా కాలం పడుతుంది, కొందరికి అసలు రాదు. పొడుగ్గా ఉన్నవారికి ఈ ముప్పు కాస్త ఎక్కువని చెప్పే అధ్యయనాలున్నాయి. వింతగా అనిపించినా, నరం పొడవును తలుచుకుంటే అందులో అర్థముంది.

హెచ్‌ఐవీ నేరుగా నరాల కణాల్లోకి వెళ్లి కూర్చోదు. వైరస్ పైపొరలోని ప్రోటీన్లు, వాటికి స్పందించి రక్షణ కణాలు విడుదల చేసే రసాయనాలు కలిసి నరాల్లో వాపు తెస్తాయి. వయసు పెరిగినవారిలో, చికిత్స ఆలస్యంగా మొదలై సీడీ4 కౌంట్ బాగా పడిపోయినవారిలో ఇది ఎక్కువ.

పాత మందు మిగిల్చిన బాధ

దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. కేసులు ఎక్కువున్న రాష్ట్రాల్లో ముందుగా ప్రారంభించారు. వాటిలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ రోజుల్లో ఎక్కువమందికి ఇచ్చిన కాంబినేషన్లలో స్టావుడిన్ అనే మందు ఉండేది. చవక, రక్తహీనత తేదు, పెద్ద పరీక్షల అవసరం లేకుండా మొదలుపెట్టొచ్చు. అది లక్షల మంది ప్రాణాలు నిలబెట్టింది. అదే మందు చాలామంది కాళ్ల నరాలను దెబ్బతీసింది.

కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా తన డీఎన్‌ఏను కాపీ చేసుకోవడానికి ఒక ఎంజైమ్ కావాలి. స్టావుడిన్ ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. శక్తి అందక నరం చివర ఎండిపోతుంది. డిడనోసిన్ అనే మరో పాత మందుదీ ఇదే తీరు. స్టావుడిన్‌ను క్రమంగా ఆపేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించింది. ఆ తర్వాతి ఏళ్లలో మన దేశంలోనూ ఆ మందు పోయింది. ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్నది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒక్క మాత్ర. టీఎల్‌డీ అంటారు. ఇది నరాలకు ఆ రకమైన హాని చేయదు. (పేద దేశాలకు ఈ మాత్రను ఏడాదికి 75 డాలర్లకే ఇస్తామని 2017లో ఒప్పుకున్న రెండు కంపెనీల్లో ఒకటి హైదరాబాద్‌కు చెందిన అరబిందో ఫార్మా.)

మందు మారితే నరం బాగుపడాలి కదా? కొంతమందికి బాగుపడింది. ఆపిన తర్వాత కొన్ని వారాలు మంట పెరిగి, తర్వాత తగ్గడం మామూలే. కానీ చివర్లు పూర్తిగా పోయిన చోట నరం మళ్లీ మొలవడం చాలా నెమ్మది. కొన్నిసార్లు అసలు జరగదు. 2004 నుంచి 2012 మధ్య చికిత్స మొదలుపెట్టిన వాళ్లు ఇప్పుడు నలభై, యాభై ఏళ్లు దాటుతున్నారు. పాత మందు దెబ్బ ఉన్న కాళ్లకు ఇప్పుడు షుగర్ తోడవుతోంది. మీది ఆ తరమైతే, మొదట్లో ఏ మందు వాడారో గ్రీన్ బుక్‌లో చూడమని డాక్టర్‌ను అడగండి. ఇరవై ఏళ్ల నాటి ఎంట్రీ ఇవాళ్టి మంటకు కారణం చెప్పొచ్చు.

అన్నిటికీ హెచ్‌ఐవీయే కారణం కాదు

ఇది ముఖ్యమైన విషయం. ‘హెచ్‌ఐవీ ఉంది కాబట్టి మంటలు’ అని రోగి సర్దుకుపోతాడు, ఒక్కోసారి డాక్టరూ సర్దుకుపోతాడు. అప్పుడు సులువుగా సరిచేయగలిగిన కారణాలు పక్కకు పోతాయి.

టీబీ మందుల్లోని ఐసోనియాజిడ్ శరీరంలో విటమిన్ బి6 పనిని దెబ్బతీస్తుంది. టీబీ చికిత్సలోనే కాదు, హెచ్‌ఐవీ ఉన్నవారికి టీబీ రాకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చే కోర్సులోనూ ఇది ఉంటుంది. అందుకే దాంతోపాటు బి6 మాత్ర ఇస్తారు. ‘అది బలం మాత్రే కదా’ అని దాన్ని వదిలేసేవాళ్లున్నారు. అలా వదిలేయడం వల్లే కొత్తగా మంటలు మొదలవ్వచ్చు. మొండి టీబీకి వాడే లినెజోలిడ్ కూడా నరాల మీద ప్రభావం చూపుతుంది. ఆ కోర్సులో ఉన్నవాళ్లు తిమ్మిర్లు మొదలైన వెంటనే చెప్పాలి.

మరోవైపు చూస్తే, బి6 ఎక్కువైనా నరాలు దెబ్బతింటాయి. ఎక్కువ డోసు బి6 ఉన్న ‘నరాల బలం’ మాత్రలను నెలల తరబడి సొంతంగా వేసుకోవడం మంట తగ్గించకపోగా కొత్త మంట తెచ్చిపెట్టొచ్చు.

షుగర్, మద్యం, థైరాయిడ్ లోపం, బి12 లోపం కూడా చూసుకోవాలి. శాకాహారుల్లో బి12 లోపం ఎక్కువ. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ రోగుల్లోనూ అది తగ్గుతుంది. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. డోలుటెగ్రావిర్ వాడేవారిలో మెట్‌ఫార్మిన్ స్థాయి రక్తంలో పెరుగుతుంది. అందుకే రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటకూడదన్నది సాధారణ పరిమితి. షుగర్ డాక్టర్‌కు హెచ్‌ఐవీ మందు సంగతి తెలియకపోతే ఈ పరిమితి ఆయన దృష్టిలో ఉండదు.

చర్మం మీద స్పర్శ లేని మచ్చ ఉండి, ఒక చెయ్యో కాలో మాత్రమే మొద్దుబారితే కుష్టును తోసిపుచ్చాలి. మన దేశంలో అది పూర్తిగా పోలేదు. చికిత్స ఉచితం. నడుం చుట్టూ లేదా ఛాతీ మీద ఒక పక్క పట్టీలా మంట ఉంటే, అంతకుముందు అక్కడ నీటి పొక్కులు వచ్చాయేమో గుర్తు చేసుకోండి. సర్పి తర్వాత మిగిలే నొప్పి అది. దాని కథ వేరు. కొన్ని నాటు మందుల్లో సీసం, ఆర్సెనిక్ లాంటి లోహాలు బయటపడిన సందర్భాలున్నాయి. అవీ నరాల శత్రువులే.

రిపోర్టు నార్మల్ అంటే జబ్బు లేనట్టేనా?

కాదు. ప్రైవేటులో డబ్బు పెట్టి నెర్వ్ కండక్షన్ పరీక్ష చేయించుకుంటారు. రిపోర్టు నార్మల్ వస్తుంది. ‘ఏమీ లేదు, మానసికం’ అని ఇంటికి పంపుతారు. ఆ పరీక్ష లావు నరాలను కొలుస్తుంది. మంటను, వేడిని, నొప్పిని మోసేవి సన్నటి నరాలు. అవి మాత్రమే దెబ్బతింటే ఆ పరీక్షకు దొరకవు.

అసలు మొదటి పరీక్షకు మెషిన్లు అక్కర్లేదు. కాలి బొటనవేలి మీద ట్యూనింగ్ ఫోర్క్ పెట్టి కంపనం ఎన్ని సెకన్లు తెలుస్తుందో చూడటం, మడమ వెనక సుత్తితో తట్టి కాలు కదులుతుందో లేదో చూడటం, సన్నటి నైలాన్ పోగుతో అరికాలిని తాకి చూడటం. ఐదు నిమిషాల పని. ‘నా కాళ్లు ఒకసారి పరీక్షించండి సార్’ అని చెప్పులు విప్పి చూపించడానికి మొహమాటపడొద్దు. రక్త పరీక్షల్లో షుగర్, హెచ్‌బీఏ1సీ, బి12, థైరాయిడ్, క్రియాటినిన్, సిఫిలిస్ పరీక్ష ముఖ్యం. వీటిలో చాలావరకు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. తెలంగాణలో టీ-డయాగ్నస్టిక్స్ హబ్‌ల ద్వారా కూడా చేస్తారు. బి12 మాత్రం ప్రతి చోటా దొరకదు.

మెడికల్ షాపుకు వెళ్లే ముందు

నరాల నొప్పికి వాడే పాత మందుల్లో కార్బమజెపైన్ ఒకటి. ముఖంలో వచ్చే తీవ్రమైన నరాల నొప్పికి ఇప్పటికీ మంచి మందే. కానీ అది కాలేయంలో ఎంజైమ్‌ల వేగం పెంచి, డోలుటెగ్రావిర్‌ను ఒంట్లోంచి త్వరగా బయటికి పంపేస్తుంది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, ఫినోబార్బిటాల్ కూడా అంతే. మందు స్థాయి పడిపోతే వైరస్ తిరిగి పెరగొచ్చు, మందుకు లొంగకుండా మారొచ్చు. కార్బమజెపైన్ తప్పనిసరైతే డోలుటెగ్రావిర్‌ను రోజుకు రెండుసార్లు ఇస్తారు. టీబీకి రిఫాంపిసిన్ వాడేవారికి అదనపు మాత్ర ఇచ్చేదీ ఇలాంటి కారణంతోనే. ఆ నిర్ణయం డాక్టర్‌ది, షాపు కౌంటర్‌లోని కుర్రాడిది కాదు.

క్యాల్షియం, ఐరన్, జింక్ ఉన్న మల్టీవిటమిన్ మాత్రలు, గ్యాస్‌కు తాగే అల్యూమినియం, మెగ్నీషియం సిరప్‌లు కూడా డోలుటెగ్రావిర్‌ను కడుపులోనే పట్టేస్తాయి. వీటికి రెండు గంటల ముందు గానీ, ఆరు గంటల తర్వాత గానీ హెచ్‌ఐవీ మాత్ర వేసుకోవాలి. క్యాల్షియం, ఐరన్ మాత్రలను మాత్రం భోజనంతో కలిపి హెచ్‌ఐవీ మాత్రతోపాటే వేసుకోవచ్చు. గ్యాస్ సిరప్‌కు ఆ వెసులుబాటు లేదు.

డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు నరాల మంట మీద పెద్దగా పనిచేయవు. పైగా టెనోఫోవిర్ వాడేవారిలో కిడ్నీలపై భారం పెంచుతాయి. రెండో దశ మందుల్లో రిటోనావిర్ ఉన్నవారు మడమలో, కీళ్లలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకునే ముందు తప్పక చెప్పాలి. ఆ రెండూ కలిస్తే స్టెరాయిడ్ ఒంట్లో ప్రమాదకరంగా పేరుకుపోతుంది.

అన్నిటికన్నా పెద్ద తప్పు, మంటకు హెచ్‌ఐవీ మందే కారణమనుకుని దాన్ని ఆపేయడం. టీఎల్‌డీ ఆపితే మంట తగ్గదు, వైరస్ మాత్రం పెరుగుతుంది.

మరి ఏ మందు పనిచేస్తుంది?

నిజం చెప్పాలంటే, పూర్తిగా మాయం చేసే మందు లేదు. అమిట్రిప్టిలిన్‌ను హెచ్‌ఐవీ నరాల నొప్పిలో 1998లోనే పరీక్షించారు. ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగని తేలలేదు. షుగర్ మంటలకు విరివిగా రాసే ప్రీగాబాలిన్ కూడా హెచ్‌ఐవీ నొప్పి మీద జరిగిన పెద్ద ట్రయల్స్‌లో నిలబడలేదు. అంటే ఎవరికీ పనిచేయవని కాదు. సగటున తేడా కనిపించలేదంతే. విడివిడిగా చూస్తే కొందరికి రాత్రి నిద్ర పట్టేంత ఉపశమనం దొరుకుతుంది. అందుకే డాక్టర్లు గబాపెంటిన్‌తో గానీ, వీటిలో మరొకదానితో గానీ తక్కువ డోసులో మొదలుపెట్టి, కొన్ని వారాలు చూసి, ఫలితం లేకపోతే మారుస్తారు. ‘వారం వాడాను, తగ్గలేదు’ అని వదిలేస్తే తీర్పు తొందరగా ఇచ్చినట్టే. మూడు నెలలైనా తేడా లేకున్నా అదే మందు కొనసాగించడమూ అంతే తప్పు.

గబాపెంటిన్, ప్రీగాబాలిన్ హెచ్‌ఐవీ మందులతో గొడవపడవు. కానీ అవి కిడ్నీల ద్వారా బయటికి పోతాయి, కాబట్టి క్రియాటినిన్ చూసి డోసు నిర్ణయించాలి. మగత, తల తిరగడం, కాళ్ల వాపు రావచ్చు. బండి నడిపేవాళ్లు మొదటి రోజుల్లో జాగ్రత్త. ఒక్కసారిగా ఆపకూడదు. అమిట్రిప్టిలిన్‌తో నోరెండటం, మలబద్ధకం ఉంటాయి. గుండె లయ సమస్య ఉన్నవారికి, ప్రొస్టేట్ వల్ల మూత్రం ఆగేవారికి అది పడదు. జన్ ఔషధి కేంద్రాల్లో ఈ మందులు జనరిక్ రూపంలో తక్కువ ధరకు దొరుకుతాయి, చీటీ ఉండాలి.

ఎవరికి, ఎలా చెప్పాలి?

మొదట ఏఆర్‌టీ సెంటర్ మెడికల్ ఆఫీసర్‌కు. ‘కాళ్లు నొప్పులు’ అనకండి, ఆ మాట రోజుకు వందసార్లు వింటారు. ఎప్పటినుంచి, రెండు కాళ్లా ఒకటా, రాత్రి ఎక్కువా, పదికి ఎన్ని మార్కుల నొప్పి, నిద్ర ఎన్ని గంటలు పోతోంది, ఇంకా ఏ బిళ్లలు వేసుకుంటున్నారు... ఇవి చెప్పండి. వాడుతున్న స్ట్రిప్‌లన్నీ ఫోన్‌లో ఫొటో తీసుకుని వెళ్లడం మేలు. లైన్‌లో అందరి ముందు చెప్పడం ఇష్టం లేకపోతే కౌన్సెలర్‌ను అడిగి విడిగా మాట్లాడొచ్చు. అవసరమైతే అక్కడి నుంచే జనరల్ మెడిసిన్ లేదా న్యూరాలజీకి రిఫరల్ రాస్తారు.

బయట డాక్టర్‌కు హెచ్‌ఐవీ సంగతి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టమే. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ (నివారణ, నియంత్రణ) చట్టం 2017లో వచ్చి, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. కోర్టు ఆదేశం ఉంటే తప్ప మీ స్థితిని బయటపెట్టమని ఎవరూ బలవంతం చేయలేరు. హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో వైద్యం నిరాకరించడం నేరుగా ఈ చట్టానికి విరుద్ధం. 20 మంది, అంతకన్నా ఎక్కువ సిబ్బంది ఉన్న ఆస్పత్రిలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. రాష్ట్రస్థాయిలో అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో, అత్యవసర వైద్యమైతే 24 గంటల్లో ఆదేశం ఇవ్వాలని చట్టం చెబుతోంది. ఇంత రాసినా, చెప్పడానికి భయపడేవాళ్లను తప్పుపట్టలేం. చట్టం పుస్తకంలో ఉంటుంది, మాట జారేది వార్డులో. కనీసం వాడుతున్న మందుల పేర్లయినా చూపించండి. చదివిన డాక్టర్‌కు అర్థమవుతుంది, చీటీ దానికి తగ్గట్టు రాస్తారు.

న్యూరోపతికి ప్రత్యేకంగా పెన్షన్ లేదు. ఏఆర్‌టీ తీసుకుంటున్న అర్హులకు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద, తెలంగాణలో ఆసరా కింద నెలవారీ పెన్షన్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి అది రూ.4,000. ఏ సందేహమున్నా జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. పేరు చెప్పనక్కర్లేదు.

ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాల్సినవి

న్యూరోపతి నెలలు, ఏళ్ల మీద నెమ్మదిగా పాకుతుంది. రోజుల్లో ముదిరితే అది వేరే జబ్బు. కాళ్లలో బలం తగ్గి పైకి పాకుతున్నా, మూత్రం, విరేచనంపై అదుపు తప్పినా, పాదం కిందకు వాలిపోతున్నా, నడుంనొప్పి, జ్వరంతో పాటు కాళ్లు పట్టు తప్పుతున్నా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. వెన్నెముక టీబీ, వెన్నుపాము ఇన్ఫెక్షన్లు, గిలియన్ బారీ సిండ్రోమ్ లాంటివి ఇలాగే మొదలవుతాయి. గంటలు కూడా ముఖ్యమే.

ఇక స్పర్శ తగ్గిన కాళ్ల సంగతి. మంట ఉన్నవాళ్లు కాళ్లను చూసుకుంటారు, మొద్దుబారినవాళ్లు మర్చిపోతారు. మేకు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా తెలియదు. రోజూ రాత్రి అరికాళ్లు అద్దంలో చూసుకోండి, లేదా ఇంట్లోవాళ్లను చూడమనండి. వేడినీళ్ల కాపడం పెట్టేముందు నీటి వేడిని మోచేత్తో చూడండి, పాదంతో కాదు. ఎండాకాలం మధ్యాహ్నం గుడి ప్రాంగణంలో చెప్పుల్లేకుండా నడిచి, సాయంత్రానికి బొబ్బలు చూసుకునేవాళ్లు ఎక్కువగా ఈ కోవవారే. దర్శనం పొద్దున్నే పెట్టుకోండి, లేదంటే మందపాటి కాటన్ మేజోళ్లు వేసుకోండి. పుండు పడి వారంలో మానకపోతే, నొప్పి లేదని ఊరుకోకుండా చూపించుకోండి.